మొదటి రెగ్యులేటర్ కొనేముందు దాన్ని సర్వీసు చేసే మనిషిని వెతకండి

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తయింది, అద్దె సామానుతో కొన్ని డైవ్‌లు చేశారు, ఇప్పుడు సొంత రెగ్యులేటర్ (సిలిండర్లోని గాలిని పీల్చుకోగల ఒత్తిడికి తగ్గించి నోటికి అందించే పరికరం) కొనాలి. దిగేది ఎక్కువగా వెచ్చటి నీళ్లలో, 30 మీటర్లు దాటే ఆలోచన ఇప్పట్లో లేదు. షాపులో టాప్ మోడలే తీసుకోమన్నారు, తోటి డైవర్ ఒకాయన పిస్టన్ రకం జోలికి పోవద్దు, డయాఫ్రమ్ రకమే కొను అన్నాడు, ఇంకొకాయన దగ్గర ఎనిమిదేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ సెట్టు బాగా చవగ్గా వస్తోంది. తలా ఒక మాట చెప్పేసరికి ఎవరిది వినాలో తెలియడం లేదు. మీరు అడిగింది ఇదే కదా.

నేను డైవింగ్‌తో పాటు చాలాకాలంగా రెగ్యులేటర్లు విప్పి సర్వీసు చేసే పని కూడా చేస్తున్నాను, అంచేత నా సలహా కాస్త వర్క్‌బెంచ్ వైపు మొగ్గే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. పేరున్న కంపెనీ ఇవాళ అమ్ముతున్న ఏ రెగ్యులేటరైనా మీరు చెప్పిన లోతుల్లో మీకు కావలసినంత గాలి ఇస్తుంది. మీరు నిజంగా ఎంచుకోవలసింది దాన్ని ఏడాదో రెండేళ్లో పోయాక విప్పి మళ్లీ సరిగ్గా బిగించగల మనిషిని, ఆ మనిషికి విడిభాగాలు అందే బ్రాండ్‌ని. మోడల్ పేరు ఆ తర్వాతి సంగతి.

అన్నింటినీ ఒకే గాటన ఎలా కట్టేస్తారు అంటారేమో. యూరప్‌లో అమ్మే స్కూబా రెగ్యులేటర్ ఏదైనా ఈఎన్ 250 అనే ప్రమాణం నెగ్గాలి. దాన్ని శ్వాస యంత్రానికి తగిలించి, 50 మీటర్ల లోతులో ఉండేంత ఒత్తిడిలో, శ్వాసకు రెండున్నర లీటర్ల చొప్పున నిమిషానికి 25 సార్లు, అంటే నిమిషానికి 62.5 లీటర్లు లాగిస్తారు. అప్పుడు కూడా లీటరు గాలికి పడే శ్రమ 3 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) దాటకూడదు. తాపీగా ఈదే డైవర్ నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పీలుస్తాడు. 62.5 అంటే ప్రవాహానికి ఎదురు తన్నుకుంటూ రొప్పుతున్న మనిషి లెక్క, అదీ మీరు వెళ్లకూడని లోతులో, ఎందుకంటే రిక్రియేషనల్ డైవింగ్ హద్దే 40 మీటర్లు. కాబట్టి బ్రోషర్లో ఒకదానికి 0.8 జౌళ్లు, ఇంకోదానికి 1.2 అని రాసి ఉంటే ఆ తేడా కాగితం మీద కనిపిస్తుందే గానీ పగడాల మీద తీరిగ్గా తేలుతున్న మీకు తెలియదు. లోతు పెరిగేకొద్దీ రెగ్యులేటర్‌కి పని పెరిగే మాట మాత్రం నిజమే. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్లు (ఒక బార్ అంటే ఇంచుమించు ఒడ్డున ఉండే గాలి ఒత్తిడి), మీరు పీల్చే గాలి ఒడ్డున పీల్చేదానికి నాలుగు రెట్లు చిక్కన, ఆ చిక్కటి గాలి అవే సన్నటి దారుల్లోంచి రావాలి. అందుకే పరీక్ష అంత కఠినంగా పెట్టారు, అందుకే అది నెగ్గినదాన్ని నమ్మొచ్చు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చూస్తే మిగతా వాదాలు తేలిగ్గా అర్థమవుతాయి. నిండు సిలిండర్లో సుమారు 200 బార్లు ఉంటుంది. వాల్వుకు బిగించే లోహపు ముద్ద ఫస్ట్ స్టేజ్. అది ఆ ఒత్తిడిని, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా ఓ 9 నుంచి 10 బార్లు ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. దీన్నే ఇంటర్మీడియట్ ప్రెషర్ అంటాం. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ దాన్ని మీరున్న లోతు ఒత్తిడికి దింపి, మీరు పీల్చినప్పుడు మాత్రమే వదులుతుంది. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు చేసిన పరికరం నుంచి ఇవాళ్టి దాకా అడిగినప్పుడే గాలి అనే ఈ సూత్రం మారలేదు.

ఇప్పుడు బ్యాలెన్స్‌డ్, అన్‌బ్యాలెన్స్‌డ్ గొడవ. సిలిండర్ 200 నుంచి 50కి ఖాళీ అవుతున్నా ఇంటర్మీడియట్ ప్రెషర్‌ని కదలకుండా నిలబెట్టేది బ్యాలెన్స్‌డ్. స్కూబాప్రో కంపెనీ ఎంకే2 లాంటి అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్లలో సిలిండర్ గాలి నేరుగా పిస్టన్ మొనను తోస్తూ తెరవడానికి సాయం చేస్తుంటుంది, సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ ఆ సాయం తగ్గి ఇంటర్మీడియట్ ప్రెషర్ కొంత దిగుతుంది, డైవ్ చివర్లో పీల్చడం కొద్దిగా బరువెక్కుతుంది. దీన్ని భూతంలా చూపించి భయపెట్టేవాళ్లున్నారు గానీ, డైవ్ సెంటర్లు అద్దెకిచ్చే రెగ్యులేటర్లలో ఇలాంటివి కోకొల్లలు, మీరు కోర్సులో వాడింది కూడా బహుశా అదే. కదిలే భాగం ఒక్కటే, ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) తక్కువ, సర్వీసు తేలిక, చేత్తో చెడగొడదామన్నా ఒక పట్టాన చెడదు. 18 మీటర్ల లోపు, ఎప్పుడో ఒకసారి దిగేవాళ్లకి దీన్ని కాదనను.

అయినా మీకు బ్యాలెన్స్‌డే కొనమంటాను. ఇందులో మీ ఒక్కరి శ్వాస లెక్క కాదు. 30 మీటర్ల దగ్గర, మీ గేజ్‌లో 60 బార్లు ఉండగా, పక్కవాడి గాలి అయిపోయి మీ ఆక్టోపస్ (అత్యవసరానికి ఉంచుకునే రెండో సెకండ్ స్టేజ్) అందుకుంటాడు అనుకోండి. అతను భయంతో రెండింతలు పీలుస్తాడు, మీరూ తక్కువ పీల్చరు, ఒక్క ఫస్ట్ స్టేజ్ ఇద్దరికీ ఇవ్వాలి, సిలిండర్ చూస్తే అడుగంటుతోంది. అన్‌బ్యాలెన్స్‌డ్‌కి అన్ని కష్టాలూ ఒకేసారి వచ్చేది ఆ రెండు మూడు నిమిషాల్లోనే. మీరు 30 దాకా వెళ్తానంటున్నారు కాబట్టి పెట్టే అదనపు డబ్బు ఇక్కడ పెట్టండి, దండగ కాదు. కంపెనీ జాబితాలో మధ్య వరుసలో ఉండే బ్యాలెన్స్‌డ్ మోడల్ చాలు. దాని పైనున్నవాటిలో ఎక్కువ భాగం మీరు కొనేది తేలికపాటి లోహం, మెరుపు, ఇంకో రెండు నాబ్‌లు.

పిస్టనా డయాఫ్రమా అన్నదానికి డైవర్లు పార్టీలు కట్టి కొట్టుకుంటారు, దానికంత విషయం లేదు. బ్యాలెన్స్‌డ్ పిస్టన్ (స్కూబాప్రో ఎంకే25 ఈ కోవలోది) బోలు కాడలోంచి గాలిని ధారాళంగా పంపుతుంది, భాగాలు తక్కువ. కాకపోతే పిస్టన్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి గనక ఇసుక, ఉప్పు లోపల చేరే వీలుంది, కడగడంలో బద్ధకిస్తే పిస్టన్ మీద గీతలు పడతాయి. డయాఫ్రమ్‌లో రబ్బరు పొర ఒకటి నీళ్లను ఇవతలే ఆపేస్తుంది, అసలు యంత్రాంగం పొడిగా ఉంటుంది, భాగాలు మాత్రం కాస్త ఎక్కువ. అపెక్స్ డీఎస్4, స్కూబాప్రో ఎంకే17 లాంటివి ఇంకో అడుగు ముందుకేసి స్ప్రింగు ఉండే గదిని కూడా మూసేస్తాయి. దాన్నే సీల్డ్ అంటారు. అది ముఖ్యంగా చన్నీళ్ల కోసం పుట్టింది. గాలి ఒత్తిడి తగ్గి వ్యాకోచించేటప్పుడు ఫస్ట్ స్టేజ్ చుట్టూ ఉన్న నీటి కన్నా చాలా చల్లబడుతుంది, 10 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో అయితే ఆ గదిలో నీరు గడ్డకట్టి వాల్వు తెరుచుకుని ఉండిపోవచ్చు. అలాంటి చలికి పరీక్షించని రెగ్యులేటర్ల మీద ఈఎన్ 250 గుర్తు పక్కనే 10 డిగ్రీల పైన మాత్రమే అని గుర్తు వేస్తారు, చూడండి. మీరు వెచ్చటి నీళ్లలోనే దిగుతారు కాబట్టి చలి మాట వదిలేయొచ్చు, కానీ ఉప్పు, బురద లోపలికి పోకుండా ఉండటం ఎవరికైనా లాభమే. కడిగే ఓపిక తక్కువైతే సీల్డ్ డయాఫ్రమ్. ఓపిక ఉండి, మీ టెక్నీషియన్‌కి పిస్టన్ మీద చెయ్యి తిరిగి ఉంటే పిస్టన్ తీసుకోండి, ఎవరేమన్నా పట్టించుకోకండి.

సర్వీసు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కొనేవాళ్లు అడగనిది ఇదొక్కటే.

పాత పద్ధతిలో ఏడాదికి లేదా 100 డైవ్‌లకు, ఏది ముందైతే అప్పుడు సర్వీసు చేయించమనేవారు. ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని రెండేళ్లకు పెంచి మధ్యలో ఒక తనిఖీ పెట్టాయి. మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్లో ఉంటుంది, దాన్నే పాటించండి. సర్వీసు అంటే పూర్తిగా విప్పడం, ఇత్తడి భాగాలను శుభ్రం చేయడం, ఓ-రింగులు, సీట్లు, ఫిల్టర్ కొత్తవి వేయడం, మళ్లీ ట్యూన్ చేయడం. ఆ కొత్తవన్నీ ఆ మోడల్‌కే చెందిన కిట్‌లో వస్తాయి. ఆ కిట్ మీ టెక్నీషియన్‌కి దొరక్కపోతే ఎంత గొప్ప రెగ్యులేటరైనా అలమారాలో షోకు వస్తువే.

సీటు అంటే ఏమిటో ఒకసారి చూసినవాళ్లు సర్వీసు ఎగ్గొట్టరు. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ బిళ్ల అది, దాని అంచున లోహపు కొన వచ్చి ఆనుకుని 200 బార్ల గాలిని ఆపుతుంది. వాడినకొద్దీ ఆ బిళ్ల మీద గుండ్రంగా ఒక గాడి పడుతుంది. భూతద్దం కింద ఆ గాడి ఒకే తీరుగా, నున్నగా ఉంటే బాధ లేదు, అంచు ఎక్కడో చిట్లి ఉంటే గాలి సన్నగా జారుతుంది. విప్పకుండానే దీన్ని పట్టుకోవచ్చు. బీసీడీకి (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) వెళ్లే గొట్టానికి చిన్న ఇంటర్మీడియట్ ప్రెషర్ గేజ్ తగిలించి సిలిండర్ తెరవండి, ముల్లు 9.5 దగ్గర ఆగిందనుకోండి. సెకండ్ స్టేజ్ మీద గాలి వదలడానికి ఉండే పర్జ్ బటన్ నొక్కితే కిందికి దిగి, వదలగానే తిరిగి 9.5కి వచ్చి టక్కున నిలబడాలి. అరిగిన సీటైతే ముల్లు 9.5 దగ్గర ఆగినట్టే ఆగి, కంటికి తెలిసీ తెలియకుండా 9.7, 10, 10.4 అంటూ పాకుతూనే ఉంటుంది. కాసేపటికి సెకండ్ స్టేజ్‌లోంచి బుస్సుమని సన్నటి చప్పుడు మొదలవుతుంది. మామూలుగా దొరికే సెకండ్ స్టేజ్ వాల్వులు ఒత్తిడి మితిమీరితే తెరుచుకునేలా చేసి ఉంటాయి, అందువల్ల ఫస్ట్ స్టేజ్ పాడైతే సాధారణంగా గాలి ఆగిపోదు, ఆగకుండా వస్తుంది. దాన్నే ఫ్రీఫ్లో అంటారు. మీ బుస్సు చప్పుడుకు మూలం నోటి దగ్గర కాక సిలిండర్ దగ్గర ఉండొచ్చని గుర్తుంచుకోండి.

అందుకే కొనేముందు మీరు చేయాల్సిన మొదటి పని, మీకు అందుబాటులో ఉన్న టెక్నీషియన్ దగ్గరికెళ్లి నాలుగు ప్రశ్నలు అడగడం. ఏ బ్రాండ్లకు శిక్షణ తీసుకున్నారు, కిట్లు దగ్గర ఉంటాయా తెప్పించాలా, ఎన్నాళ్లలో చేసి ఇస్తారు, తీసేసిన పాత భాగాలు నాకు చూపిస్తారా. చివరి ప్రశ్నకు మొహం చిట్లించేవాడి దగ్గర మీ రెగ్యులేటర్ పెట్టొద్దు. పని తెలిసినవాడు పాత సీట్లు చిన్న కవర్లో వేసి మీ చేతికిస్తాడు, ఇంటర్మీడియట్ ప్రెషర్ ఎంత పెట్టాడో కాగితం మీద రాసిస్తాడు. ఇంకో మాట, జీవితాంతం విడిభాగాలు ఉచితం అనే పథకాలు కొన్ని కంపెనీలకు ఉంటాయి. వినడానికి బాగుంటుంది, కానీ సాధారణంగా మొదటి యజమాని అయి ఉండాలి, గడువు తప్పకుండా వాళ్ల డీలర్ దగ్గరే చేయించాలి, కూలీ ఎలాగూ మీదే. షరతులు చదివాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఏడాదికి ఒక సెలవుల్లో నాలుగైదు డైవ్‌లు మాత్రమే చేస్తారా? అయితే నిజం చెప్పాలంటే ఇప్పుడే రెగ్యులేటర్ కొనకండి. వాడకుండా పక్కన పెట్టినా రబ్బరు ముదురుతుంది, సర్వీసు గడువు ఆగదు. ఆ డబ్బుతో ముఖానికి సరిగ్గా కుదిరే మాస్కు, ఒక డైవ్ కంప్యూటర్ కొనుక్కుని, రెగ్యులేటర్ అద్దెకు తీసుకోండి.

ఫస్ట్ స్టేజ్‌ని సిలిండర్‌కి తగిలించే కనెక్షన్ విషయానికొద్దాం. యోక్ అంటే వాల్వు మీద బిగించే బిగింపు లాంటిది, డిన్ అంటే వాల్వు లోపలికి స్క్రూలాగా తిరిగి బిగిసేది. యోక్‌లో ఓ-రింగ్ సిలిండర్ వాల్వు మీద బయటికి కనిపిస్తూ ఉంటుంది, పడవలో ఎవరో అజాగ్రత్తగా ఎత్తి పడేసిన సిలిండరైతే అది చిట్లి ఉండొచ్చు. డిన్‌లో ఓ-రింగ్ మీ రెగ్యులేటర్‌తోనే ఉంటుంది, బిగించాక లోపల బంధించబడి ఉంటుంది, దాని బాగోగులు మీ చేతిలో ఉంటాయి. యోక్ 232 బార్ల దాకానే, 300 బార్ల సిలిండర్లకు డిన్ తప్పనిసరి. కొనేటప్పుడు 300 బార్ల డిన్ కొనండి, అది 232 వాల్వులోనూ కూర్చుంటుంది, పొట్టి మరలున్న 232 రెగ్యులేటర్ మాత్రం 300 వాల్వులో సీల్ కాదు. మీరు వెళ్లేచోట యోక్ సిలిండర్లే ఉంటే? చాలా వాల్వుల్లో మధ్యలో ఒక ఇన్సర్ట్ ఉంటుంది, అలెన్ కీతో తీసేస్తే డిన్ పడుతుంది. అదీ లేకపోతే డిన్ రెగ్యులేటర్‌కి యోక్ అడాప్టర్ తగిలించుకోవచ్చు, ఫస్ట్ స్టేజ్ కాస్త ముందుకు పొడుచుకొచ్చి వెనక్కి తల ఎత్తితే తగులుతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. నా ఓటు డిన్‌కే. మీరు ఎప్పుడూ ఒకే సెంటర్‌తో దిగుతూ అక్కడన్నీ యోకే అయితే యోక్ కొనుక్కోండి, చాలా మోడళ్లను తర్వాత కన్వర్షన్ కిట్‌తో డిన్‌కి మార్చుకోవచ్చు.

నైట్రాక్స్ (మామూలు గాలి కన్నా ఆక్సిజన్ ఎక్కువుండే మిశ్రమం) కోర్సు చేస్తారు, తప్పకుండా చేస్తారు, అందరూ చేస్తారు. 40 శాతం ఆక్సిజన్ దాకా చాలా కంపెనీల మామూలు రెగ్యులేటర్లనే వాడొచ్చు, అయినా మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. టైటానియం ఫస్ట్ స్టేజ్ తేలిగ్గా ఉందని ముచ్చటపడితే, 40 శాతం మించిన ఆక్సిజన్‌కి అది పనికిరాదని తెలుసుకుని కొనండి. యూరప్‌లో నైట్రాక్స్ సిలిండర్లకు ఎం26 అనే వేరే మర కూడా ఉంది, అటు వెళ్తే ముందే అడిగి తెలుసుకోవాలి.

సెకండ్ స్టేజ్ మీద ఒక నాబ్, ఒక చిన్న లివర్ కనిపిస్తాయి. నాబ్ తిప్పితే గాలి మొదలవడానికి ఎంత గట్టిగా పీల్చాలో మారుతుంది. లివర్ గాలి ప్రవాహాన్ని మళ్లించి, నీళ్లలో పడగానే రెగ్యులేటర్ దానంతటదే బుసకొట్టకుండా ఆపుతుంది. నాబ్ లేకపోయినా ఏమీ కొంప మునగదు, చాలామంది దాన్ని ఒకచోట పెట్టి మరిచిపోతారు. లివర్ ఉంటే మాత్రం పనికొస్తుంది: పైన ఈదేటప్పుడు ప్రీ-డైవ్ వైపు, దిగేటప్పుడు డైవ్ వైపు. నోట్లోంచి జారి మౌత్‌పీస్ పైకి తిరిగి పడితే ఎంత మంచి రెగ్యులేటరైనా ఫ్రీఫ్లో అవుతుంది, కంగారు పడకుండా మౌత్‌పీస్ కిందికి తిప్పితే ఆగిపోతుంది.

షాపులో నోట్లో పెట్టుకుని పీల్చి చూసి, అబ్బ ఎంత తేలిగ్గా ఉందో అని కొనేస్తారు చాలామంది. ఒడ్డున మీకు తెలిసేది వాల్వు తెరవడానికి పట్టే బలం ఒక్కటే, ఆ బలాన్ని టెక్నీషియన్ ఐదు నిమిషాల్లో తగ్గించగలడు, పెంచగలడు. నీళ్లలో పీల్చే తీరు మీరున్న భంగిమను బట్టి కూడా మారుతుంది. వెల్లకిలా తిరిగితే సెకండ్ స్టేజ్ మీ ఊపిరితిత్తుల కన్నా పైన ఉంటుంది, అక్కడ నీటి ఒత్తిడి కాస్త తక్కువ, పీల్చడం బరువనిపిస్తుంది. తలకిందులుగా దిగుతుంటే గాలి దానంతటదే నోట్లోకి తోసుకొస్తున్నట్టుంటుంది. అది రెగ్యులేటర్ లోపం కాదు. వీలైతే స్విమ్మింగ్ పూల్లోనో, అద్దెకు తీసుకుని ఒక పూర్తి డైవ్‌లోనో చూడండి. చూసేటప్పుడు గాలి సంగతి వదిలేసి దవడ సంగతి గమనించండి. నలభై నిమిషాల తర్వాత దవడ లాగుతోందా, గొట్టం తల తిప్పినప్పుడల్లా నోటిని పక్కకు గుంజుతోందా, బుడగలు కళ్ల ముందుకు వస్తున్నాయా. ఇవే మీరు ప్రతి డైవ్‌లో భరించాల్సినవి.

దవడ నొప్పికి రెగ్యులేటర్ మార్చేవాళ్లను చూస్తుంటాను. మార్చాల్సింది మౌత్‌పీస్. అది చెప్పు లాంటిది, ఒకరికి సుఖంగా ఉన్నది ఇంకొకరిని కరుస్తుంది. వేడి నీళ్లలో ముంచి కొరికితే మీ పళ్ల ఆకారానికి ఒదిగేవి దొరుకుతాయి, మార్చడానికి ఒక ప్లాస్టిక్ టై చాలు. మార్చాక ఆ టై బిగుతుగా ఉందో లేదో గట్టిగా లాగి చూడండి, లేకపోతే నీళ్లలో ఒకసారి సెకండ్ స్టేజ్ ఊడి కిందికి వేలాడుతుంది, మౌత్‌పీస్ ఒక్కటే మీ పళ్ల మధ్య మిగులుతుంది.

ఆక్టోపస్ అంటే ఎలాగూ వాడం కదా అని చవకరకం కొనకండి. అది వాడేది మీరు కాదు, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వచ్చే ఇంకో మనిషి. అదే కంపెనీది, ఫస్ట్ స్టేజ్‌తో కలిపి పరీక్షించినది తీసుకోండి. ఊరికే బుసకొట్టకుండా ఉండటానికి దాన్ని ప్రైమరీ, అంటే మీరు పీల్చే సెకండ్ స్టేజ్ కన్నా కాస్త గట్టిగా ట్యూన్ చేస్తారు, అది మామూలే. పసుపు రంగు గొట్టం, మీటరు పొడవు, ఛాతీ దగ్గర కనిపించేచోట, ఒక్క గుంజుకి చేతికి వచ్చేలా బిగించాలి. జేబులో దూర్చిన ఆక్టోపస్ లేనట్టే లెక్క.

గేజ్ సంగతి పెద్దగా లేదు. ఇత్తడి బాడీ ఉన్న మామూలు ముల్లు గేజ్ కొనండి, సిలిండర్ ఒత్తిడిని డైవ్ కంప్యూటర్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, ఫస్ట్ స్టేజ్‌కి రెండు హై ప్రెషర్ పోర్టులు (గొట్టాలు బిగించే రంధ్రాలు) ఉంటే చాలు. లో ప్రెషర్ పోర్టులు నాలుగు ఉంటాయి సాధారణంగా, మీకు కావలసింది మూడే. గొట్టాలు రబ్బరువా అల్లికవా అంటే, అల్లికవి వంగుతాయి, తేలిక, ప్రయాణాలకు బాగుంటాయి. కాకపోతే కొన్నింటిలో లోపలి పాలియురెథేన్ పొర పాతబడి పొడిలా రాలి గాలి దారికి అడ్డుపడిన సందర్భాలున్నాయి, బయటికి ఏమీ కనిపించదు. రబ్బరు గొట్టమైతే చెడేముందు మెటల్ బిగింపు దగ్గర పగుళ్లు చూపిస్తుంది. అక్కడ ప్లాస్టిక్ తొడుగు ఉంటే నెలకోసారి వెనక్కి జరిపి, గొట్టాన్ని కొంచెం వంచి చూడండి.

ఇక ఆ ఎనిమిదేళ్ల సెట్టు. సెకండ్ హ్యాండ్ రెగ్యులేటర్ కొనడం తప్పేమీ కాదు, ఇత్తడి అంత తేలిగ్గా అరగదు, ఇరవై ఏళ్లుగా బ్రహ్మాండంగా పనిచేస్తున్నవి నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. కానీ అడిగిన ధరకు పూర్తి సర్వీసు ఖర్చు, కొత్త గొట్టాల ఖర్చు కలిపి చూడండి, మొన్ననే సర్వీసు అయింది అని ఆయన ఎంత చెప్పినా సరే. మూడూ కలిపితే కొత్తదాని దగ్గరకొచ్చేస్తే ఇక ఎందుకు. డబ్బు ఇచ్చేముందు మోడల్ పేరు, సీరియల్ నంబర్ తీసుకుని ఇందాక చెప్పిన టెక్నీషియన్‌కి ఫోన్ చేసి కిట్ ఇంకా వస్తోందా అని అడగండి, ఆగిపోయిన మోడలైతే అక్కడితో ఆపేయండి. తర్వాత ఫస్ట్ స్టేజ్ మూతికి పెట్టే డస్ట్ క్యాప్ తీసి, గాలి లోపలికి వెళ్లేచోట ఉన్న చిన్న ఫిల్టర్‌ని వెలుతురులో చూడండి. వెండి రంగులో మెరుస్తుంటే సంతోషం. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి, తుప్పు రంగులో ఉంటే ఏదో స్టీలు సిలిండర్ లోపల తుప్పు పట్టింది, నల్లగా ఉంటే సిలిండర్లు నింపే కంప్రెసర్ ఫిల్టర్‌లోని బొగ్గు పొడి. పచ్చగా కనిపించిన ఒకదాన్ని విప్పితే లోపల స్ప్రింగు మీద కూడా పచ్చటి పొక్కులే, డస్ట్ క్యాప్ పెట్టకుండా నీళ్ల తొట్టిలో ముంచిన ఫలితం. పైనుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది.

మీది కొన్నాక అలా కాకుండా ఉండాలంటే: డైవ్ అయ్యాక డస్ట్ క్యాప్‌ని తుడిచి, ఆరబెట్టి, బిగించాకే మంచినీళ్లలో నానబెట్టండి, ఊరికే పైన చల్లడం కాదు, కాసేపు నాననివ్వండి. గాలి ఒత్తిడి లేనప్పుడు నీళ్లలో పర్జ్ బటన్ నొక్కొద్దు, నొక్కితే వాల్వు తెరుచుకుని నీళ్లు గొట్టం గుండా ఫస్ట్ స్టేజ్ దాకా ప్రయాణిస్తాయి. నీడలో ఆరబెట్టండి, గొట్టాలు మడతలు పడకుండా పెద్ద చుట్టగా పెట్టండి.

దిగేముందు రెండు చిన్న పరీక్షలు, అలవాటైతే అర నిమిషం పట్టదు. సిలిండర్ తెరవకముందు మౌత్‌పీస్‌లోంచి మెల్లగా పీల్చండి, ఏమీ రాకూడదు, వస్తే సెకండ్ స్టేజ్‌లోని రబ్బరు డయాఫ్రమ్‌కో, వదిలిన గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుకో చిల్లు ఉంది, అక్కడ గాలి వచ్చిన దారిలోనే కింద నీళ్లు వస్తాయి. తెరిచాక గేజ్ ముల్లు చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే వాల్వు పూర్తిగా తెరవలేదు, లేదా ఆ ఫిల్టర్ మూసుకుపోయింది.

చివరిగా, కొత్తది గానీ, సర్వీసు అయి వచ్చినది గానీ నేరుగా పెద్ద ట్రిప్పుకు తీసుకెళ్లకండి. కొత్త సీటు మీద ఆ గాడి కుదురుకునేదాకా ఇంటర్మీడియట్ ప్రెషర్ కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, ఒక్కోసారి మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. ట్రిప్పుకు కనీసం రెండు మూడు వారాల ముందు చేతికొచ్చేలా చూసుకుని, పూల్లోనో తక్కువ లోతులోనో ఒకసారి దిగి, బుస్సు చప్పుడు ఏమైనా ఉంటే టెక్నీషియన్‌కి తిరిగి ఇచ్చే వ్యవధి ఉంచుకోండి. మీకు దగ్గర్లో ఎవరు ఏ బ్రాండ్లు సర్వీసు చేస్తారో కనుక్కుని ఆ జాబితా ఇక్కడ రాయండి, అందులోంచి మోడల్ చెప్పడం ఎంతసేపు.